నల్లగుంతలో ఇల్లరికం జబ్బు

నమోదు 1

ఈ మాటలు ఇప్పుడే రాయవలసిన కారణం ఒకటుంది. మా నల్లగుంత ఆసుపత్రిలో పేగు ముక్కలను చూసి జబ్బు పేరు చెప్పే యంత్రాన్ని మరో రెండు మంచు గనులకు పంపబోతున్నారు. దానితోపాటు ఒక ప్రశంసాపత్రం కూడా వెళ్తుందట. అందులో "ఇంతవరకు ఒక్క పొరపాటూ నమోదు కాలేదు" అన్న వాక్యం ఉంది. అది అక్షరాలా నిజం. పొరపాట్లను నమోదు చేసే పని కూడా ఆ యంత్రానికే అప్పగించారు.

నేను పేగుల పాథాలజిస్టును. అంటే, పేగులోంచి తీసిన చిన్న ముక్కను పలుచగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూసి అభిప్రాయం చెప్పేదాన్ని. భూమి మీద ఈ వృత్తివాళ్ళు ఎంతమంది మిగిలారో తెలియదు. చంద్రుడి మీద నేనొక్కతెనే. నియామక పత్రంలో నా బాధ్యతను "యంత్రానికి తోడు" అని పేర్కొన్నారు. తోడు అన్న మాటకు అర్థం అడిగాను. యంత్రపు అద్దం మీద దుమ్ము పడకుండా చూసుకుంటే చాలన్నారు.

ఎండ ఎన్నడూ పడని ఈ గుంత అడుగున మంచు తవ్వేవాళ్ళంతా ఒకప్పటి గోదావరి తీరపు బొగ్గు గనుల కుటుంబాలవాళ్ళు. వాళ్ళ తాతలు బొగ్గు గనిని ఎలా పిలిచారో వీళ్ళు మంచు గనిని అలాగే "బాయి" అంటారు. తవ్విన నీళ్ళు రాకెట్లకు వెళ్తాయి. మాకు తాగడానికి కొలిచి పోస్తారు. పైకప్పు ఎంత మందంగా కట్టినా ఆకాశం నుంచి వచ్చే కిరణాలు ఎముకల్లో మూలుగను మెల్లగా మాడ్చేస్తాయి. అందుకే ఇక్కడ మూలుగ మార్పిడి, భూమి మీద పన్ను పీకించుకున్నంత మామూలు వ్యవహారం. తోబుట్టువు ఎవరో ఒకరు మూలకణాలు ఇస్తారు, అవి వెళ్ళి ఎముకల్లో కుదురుకుంటాయి, మనిషి మళ్ళీ బాయిలోకి దిగుతాడు.

కుదురుకోని సందర్భాలూ ఉన్నాయి. లోపలికి వచ్చిన దాత కణాలు, తామున్న ఒంటినే పరాయిదనుకుని చర్మం మీద, కాలేయం మీద, పేగు మీద దాడి చేస్తాయి. దాన్ని మేము జీవీహెచ్‌డీ అంటాం. బాయి జనం "ఇల్లరికం" అంటారు. ఇల్లు చూసుకుంటాడని తెచ్చుకున్న అల్లుడు గిన్నెలు వాకిట్లోకి విసరడం మొదలుపెట్టాడన్నమాట. పాఠ్యపుస్తకంలో ఇదే సంగతి చెప్పడానికి పదకొండు పేజీలు పట్టింది.

యంత్రానికి కూడా వాళ్ళే పేరు పెట్టారు. కాంట. బొగ్గు లారీలను తూచిన కాంట మాటకు ఎదురుండేది కాదట. దీనికీ లేదు.

నమోదు 2

ఆవునూరి కనకవ్వ డ్రిల్లు ఆపరేటరు. ఆమెకు మూలుగ ఇచ్చినవాడు తమ్ముడు ఓదెలు. కొత్త మూలుగ చక్కగా పట్టింది. ఆమె నడిచింది, తిన్నది, వార్డులో అందరితోనూ పోట్లాడింది. ఆరోగ్యం కుదుటపడిందనడానికి ఆ మూడోదే నాకు నమ్మకమైన గుర్తు. ఇంటికి వెళ్ళిన కొన్నాళ్ళకు నీళ్ళ విరేచనాలు మొదలై మళ్ళీ వార్డులో చేరింది.

పేగు ముక్క తీశారు. కాంట "ఇల్లరికం" అంది. ఒంటి రక్షణను అణిచే స్టెరాయిడ్ ఇచ్చారు. తగ్గలేదు. రెండోసారి ముక్క తీశారు. కాంట మళ్ళీ అదే మాట, ఈసారి మరింత నమ్మకంగా. స్టెరాయిడ్ పెంచారు. విరేచనాలూ పెరిగాయి. మామూలు మనిషికి ఇక్కడ ఒక అనుమానం రావాలి. వైద్య మండలికి మాత్రం "మూడో మెట్టు" గుర్తొచ్చింది.

మూడో మెట్టు అంటే దాత నుంచి వచ్చిన రక్షణ కణాలను దాదాపు మొత్తంగా తుడిచిపెట్టే మందు. నిజంగా ఇల్లరికమే అయితే అది ప్రాణం నిలపవచ్చు. కాకపోతే, ఒంట్లో ఉన్న ఒక్కగానొక్క సైన్యాన్నీ మన చేతులతోనే పూడ్చినట్టు. ఆ మెట్టు ఎక్కి తిరిగి బాయిలోకి దిగినవారిని కలవాలని నాకు కుతూహలంగా ఉంది. అడిగాను. ఎవరూ చూపించలేకపోయారు.

వచ్చే సోమవారం మొదలుపెట్టాలని మండలి నిర్ణయించింది. కనకవ్వకు ఈ విషయం నేనే చెప్పాను.

"మూడో మెట్టెక్కినోళ్ళు ఎటు వోయిండ్రో నాకెర్కనే డాక్టరమ్మా," అంది ఆమె. "మెట్లన్నీ పైకే ఉంటయి గదా."

నమోదు 3

ఇక్కడ ఒక ఆచారం ఉంది. ఎవరికైనా ఇల్లరికం అని తేలితే, దాత వచ్చి వార్డు అద్దం బయట నిలబడి తన కణాలను మందలించాలి. దీన్ని సముదాయింపు అంటారు. యూనియన్ పెద్ద సాక్షిగా ఉంటాడు. మండలి దీన్ని మూఢనమ్మకమంటుంది. కాంట ఫలితాన్ని తలకిందులుగా పట్టుకున్నా నమ్మే మండలికి ఆ మాట అనే హక్కు ఉందో లేదో నాకు తెలియదు.

ఓదెలు వచ్చాడు. భారీ మనిషి. ఇక్కడి ఆరోవంతు బరువులో కూడా అతని అడుగు ఈడ్చినట్టే పడుతోంది. అద్దం ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

"ఓ నా మూలుగా," అన్నాడు. "నువ్వు పోయింది మా అక్క ఇంటికి. పరాయింటికి గాదు. జెర మంచిగుండు. లొల్లి చెయ్యకు."

లోపల మంచం మీంచి కనకవ్వ మైకులో అందుకుంది. "గంత మెల్లగ జెప్తె ఇంటదారా? బాయిల నా మీద ఒర్రినవ్ చూడు, గట్ల ఒర్రు."

"అక్కా, గది ఎత్తకు."

"ఎందుకెత్తొద్దు? నలుగుట్ల నిలవడి 'నా మూలుగ నాకియ్యి' అన్నవా లేదా? ఇగో, ఇస్తాన. కడుపుల నుంచి ఒక్కొక్క చెంబు ఇస్తాన. పట్టుకపో."

యూనియన్ పెద్ద నవ్వాడు, నర్సు జయమణి నవ్వింది, నేనూ నవ్వాను. ఓదెలు నవ్వలేదు. అద్దం మీద చెయ్యి ఆనించి, వెంటనే తీసేశాడు.

తరువాత నడవాలో నన్ను ఆపాడు. సంగతి చిన్నదే. మార్పిడి అయిన కొత్తలోనే అక్క మళ్ళీ లోతు షిఫ్టుకు పేరు ఇచ్చింది. అతనికి కోపమొచ్చింది. నా ఎముకలు తొలిచి ఇచ్చింది మళ్ళీ అదే బాయిలో కాల్చుకోవడానికా అని అరిచాడు. ఆ అరుపులో ఆ మాట దొర్లింది. కొన్నాళ్ళకే ఆమెకు విరేచనాలు మొదలయ్యాయి.

"డాక్టరమ్మా, మాట ఎముకల దాక పోతదా?" అని అడిగాడు.

పోదని చెప్పాను. కణాలకు చెవులుండవని, తోబుట్టువుల తగవులు వాటికి తెలియవని, శాస్త్రం తెలిసినంత మేరకు వివరంగా చెప్పాను. అతను ఓపికగా విన్నాడు.

"మరి కాంట గూడ ఇల్లరికమే అన్నది గదా," అన్నాడు.

కాంట మాటను కాదనడానికి నేనెవరిని? అద్దం మీద దుమ్ము తుడిచే మనిషిని.

నమోదు 4

దుమ్ము తుడిచే నెపం మీద, కాంట చదివేసి పక్కన పడేసిన కనకవ్వ ముక్కలను నా బల్ల మీదికి తెచ్చుకున్నాను.

పేగు లోపలి గోడలో సన్నని గొట్టాల్లాంటి గ్రంథులు వరుసగా ఉంటాయి. ఇల్లరికంలో ఆ గ్రంథుల అడుగున కణాలు ఒక్కొక్కటిగా చిట్లి, పొడిపొడిగా నలిగి, చుట్టూ చిన్న ఖాళీ వదిలి చచ్చిపోతాయి. కాంట చేసేది ఆ చిట్లిన కణాలను లెక్కపెట్టడం. గీత దాటితే ఇల్లరికం. మనిషి చేస్తే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. లెక్కపెడుతూ ఇంకేవైనా కూడా చూసేస్తాడు.

నాకు చిట్లిన కణాలు బోలెడు కనిపించాయి. కాంట లెక్క తప్పలేదు. కానీ ఇంత ఉధృతమైన జబ్బులో గ్రంథులు కొన్నయినా కూలిపోయి ఉండాలి. ఒక్కటీ కూలలేదు. అన్ని గ్రంథుల్లోనూ సమానంగా, పంక్తిలో వడ్డించినట్టు, అడుగున రెండేసి మూడేసి చిట్లిన కణాలు. జబ్బు ఇంత పొందికగా ఉండదు. జబ్బుకు పక్షపాతం ఉంటుంది.

నిల్వలో ఉన్న పాత రోగుల ముక్కలు తీశాను. అవీ అంతే. వేర్వేరు మనుషులు, వేర్వేరు దాతలు, ఒకే పొందిక.

నర్సు జయమణిని పిలిచి, పేగును చూసే ముందు ఏమిచ్చి కడుగుతారని అడిగాను.

"ఉప్పు నీళ్ళిస్తం మేడం."

"ఏ ఉప్పు?"

"ఎరువుల షెడ్డుకెల్లి తెస్తం. ఫాస్ఫేటు. తోటకు వెయ్యంగ మస్తు మిగుల్తది. గ్లాసెడు నీళ్ళల్ల కలిపిస్తె ఒక్క గంటల బాయి లెక్క నున్నగైతది లోపట."

భూమి మీద ఈ పనికి లీటర్లకొద్దీ వేరే ద్రావణం తాగిస్తారు. నీళ్ళు తవ్వే ఊళ్ళో అన్ని నీళ్ళు ఎవరిస్తారు? ఫాస్ఫేటు ఉప్పు గ్లాసుతో సరిపోతుంది. అందులో తప్పేమీ లేదు, ఒక్కటి తప్ప. ఆ ఉప్పు తగిలిన పేగులో, ఏ జబ్బూ లేకపోయినా, గ్రంథుల అడుగున కణాలు చిట్లుతాయి. ఈ సంగతి పాతకాలపు వైద్యులకు తెలుసు. కాంటకు చదువు చెప్పింది భూమి మీది పేగులతో. ఆ పేగులు ఎరువు తాగలేదు.

అంటే ఆ యంత్రం ఇన్నాళ్ళుగా ఎంతో నిష్ఠగా ఉప్పును తూస్తోంది.

అయితే కనకవ్వ విరేచనాలు ఉప్పువల్ల వచ్చినవి కావు. ఉప్పు ఇవ్వకముందే వచ్చాయి. వాటికి ఇంకో కారణం ఉండాలి. ఉప్పు కింద నిజంగానే ఇల్లరికం ఉండవచ్చు. స్టెరాయిడ్ ఇస్తున్నకొద్దీ పెరుగుతోంది కనుక, రక్షణ తగ్గినప్పుడు నిద్రలేచే వైరస్ కూడా కావచ్చు. సైటోమెగలో వైరస్ అని ఒకటుంది. మనలో చాలామంది ఒళ్ళలో చడీచప్పుడు లేకుండా అద్దెకుంటుంది. రక్తంలో దొరకకుండా పేగులో మాత్రమే పని చేసుకుపోగల నేర్పు దానికుంది. అది ఉండే చోటు గ్రంథుల కింద, లోతు పొరలో. కాంటకు పైపొర చాలు కనుక ఇక్కడ ముక్కలన్నీ తొక్క గీరినట్టు తీస్తారు. నా బల్ల మీద ఉన్నవాటిలో లోతు పొర లేనే లేదు.

కాబట్టి నాకు కావలసింది ఉప్పు తాగించకుండా, లోతుగా తీసిన కొత్త ముక్క. చూడబోతే ఎంత చిన్న కోరిక.

నమోదు 5

వైద్య మండలి అధ్యక్షులు పరాంకుశం గారు సభామర్యాద తెలిసిన మనిషి. నా మాటలన్నీ కళ్ళు మూసుకుని విన్నారు. మధ్యలో ఒకసారి గురక కూడా మర్యాదగానే వినిపించింది.

"హైమవతి గారూ, కడగని పేగు చిత్రాన్ని కాంట చదవదు కదా," అన్నారు.

"కాంట చదవనక్కరలేదండీ. నేను చదువుతాను."

"కాంట చదవనిది నిర్ధారణ ఎలా అవుతుందమ్మా? నిబంధనల్లో నిర్ధారణ అంటేనే కాంట ఇచ్చిన ఫలితం."

"పోనీ, వైరస్ ఉందేమో చూద్దామండీ."

"రక్తంలో లేదు కదా."

"పేగులో ఉండవచ్చు."

"ఉంటే కాంట చెప్పేది కదా."

"కాంట దాన్ని వెతకదండీ. ఒక జబ్బు దొరికితే అక్కడితో ఆగిపోతుంది."

"చూశారా," అన్నారాయన సభ్యుల వైపు తిరిగి. "అనవసరమైన పని చేయదు."

ఉప్పు సంగతి మళ్ళీ ఎత్తాను. ఆరోగ్యవంతుడి పేగు ముక్కను ఎప్పుడైనా కాంటకు చూపించారా అని అడిగాను. ఆరోగ్యవంతుడి పేగుతో మాకేం పని అన్నారు. ఇంతలో ఆయనకే ఒక ఆలోచన వచ్చింది. కిరణాల భయం వల్ల పెద్దవయసు వాళ్ళకు ఏటా పెద్దపేగు పరీక్ష ఇక్కడ తప్పనిసరి. ఆయన వంతు శుక్రవారం.

"నా ముక్క తీసుకోండి," అన్నారు. "కాంటను పక్క గనులకు పంపేటప్పుడు ఆదర్శ నమూనాగా జతచేద్దాం. నాకు ఏ మార్పిడీ జరగలేదు. భగవంతుడి దయవల్ల కడుపు నొప్పి అన్నది ఎరగను. కాంట దాన్ని చూసి 'నిర్దోషి' అంటుంది. తమ సందేహం తీరిపోతుంది. సోమవారం మందు యథాప్రకారం మొదలవుతుంది."

సంతోషంగా ఒప్పుకున్నాను. ఆయన స్వహస్తాలతో అంగీకారం రాసిచ్చారు. ఉప్పు నీళ్ళు మాత్రం నిబంధనల ప్రకారం నిండు గ్లాసు తాగాలని గుర్తుచేశాను. నిబంధన తప్పడం తమ వంశంలోనే లేదన్నారు.

నమోదు 6

కాంట ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

రోగి: పరాంకుశం. నిర్ధారణ: పేగు జీవీహెచ్‌డీ, రెండో స్థాయి. నమ్మకం: నూటికి తొంభై ఎనిమిది. చికిత్స: వెంటనే స్టెరాయిడ్. దాత పేరు నమోదు చేయండి.

దాత పేరు ఇచ్చేవరకు ఆయన దస్త్రం మూతపడదు. మూతపడకపోతే ఆయనను వార్డు నుంచి పంపించడం కుదరదు. ఈ ఏర్పాటు కూడా మండలి చేసిందే.

"దాత ఎవలు సార్?" అంది జయమణి, మహా వినయంగా.

"దాత ఎవరూ లేరమ్మా! నాకు మార్పిడే జరగలేదు!"

"కాంట అబద్ధం చెప్పది గదా సార్. మీరే గోడ మీద రాయించిండ్రు."

"అది... రోగుల విషయంలో అమ్మా."

"గిప్పుడు మీరు రోగే గదా సార్."

ఈలోగా యంత్రం తన అలవాటు ప్రకారం యూనియన్‌కు కబురు పంపేసింది. యూనియన్ పెద్ద పరుగున వచ్చాడు. "అధ్యక్షులకు మూలుగిచ్చినోడు ఎవడు? పిలువుర్రి. సముదాయింపు చెయ్యాలె. పెద్దమనిషి పానం మీదికచ్చింది," అని నడవాలో అందరినీ కేకలేశాడు. అతని ముఖంలో చిన్న నవ్వు కూడా లేదు. అంత గంభీరంగా నటించడం అందరికీ రాదు. నటించాడో, నిజంగానే నమ్మాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పరాంకుశం గారు మంచం అంచున కూర్చున్నారు. "నిజానికి," అన్నారు గొంతు తగ్గించి, "పొద్దుటి నుంచి కడుపులో కొంచెం తేడాగానే ఉంది. నాకు తెలియకుండా ఎప్పుడైనా... ఏమైనా ఎక్కించి ఉంటారా?"

ఆ క్షణంలో యంత్రం తప్పని ఒప్పుకోవడం కంటే, తనకు తెలియకుండా ఎవరో తన ఎముకల్లో మూలుగ నింపిపోయారని నమ్మడమే ఆయనకు తేలికగా ఉంది. స్టెరాయిడ్ సూది బల్ల మీద సిద్ధంగా ఉంది. నేను దాన్ని మెల్లగా అవతలికి జరిపాను.

"తేడా ఉప్పువల్లనండీ," అన్నాను. "సాయంత్రానికి తగ్గుతుంది. తమరు ఆరోగ్యంగా ఉన్నారు. ఈ మాట మాత్రం మనిషిగా చెబుతున్నాను."

నమోదు 7

మండలి అత్యవసరంగా సమావేశమై ఒక తీర్మానం చేసింది. సారాంశం ఇది: కాంట లెక్కలో ఏ దోషమూ లేదు. కొన్ని పేగులు లెక్కకు తగిన స్థితిలో హాజరు కాలేదు. కనకవ్వ విషయంలో మూడో మెట్టును కొద్దికాలం ఆపి, డాక్టర్ హైమవతి వ్యక్తిగత బాధ్యత మీద, ఉప్పు లేకుండా ఒక ముక్క తీయవచ్చు.

తీర్మానంలోని మొదటి వాక్యం సత్యమేనని ఒప్పుకుంటాను. చిట్లిన కణాలను అది సరిగానే లెక్కపెట్టింది. అవి ఎందుకు చిట్లాయని దాన్నెవరూ అడగలేదు.

సమావేశం ముగిశాక పరాంకుశం గారు ఒంటరిగా నా గదికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ పాత ముక్కలన్నీ చూశారా?" అన్నారు.

"చూశానండీ."

"అందరివీ... నా దానిలాగే ఉన్నాయా?"

"చాలావరకు."

ఆయన వంగి నా సూక్ష్మదర్శినిలోకి చూశారు. మూడో మెట్టుకు సంతకం ఆయనదే. నా దగ్గర సిద్ధంగా ఉన్న వ్యంగ్యాలు చాలానే ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు. వాళ్ళలో కొందరికి నిజంగానే ఇల్లరికం ఉండి ఉంటుందని చెప్పాను. అది అబద్ధం కాదు. ఎవరికి ఉందో ఇప్పుడు చెప్పలేమన్నది మిగతా సగం. ఆయన ఆ సగం అడగలేదు. అయినా ఆయనకు తెలుసు. అప్పుడు కూర్చున్నారు. మంచినీళ్ళ సంచి అందిస్తే తాగారు.

మధ్యాహ్నం కనకవ్వకు పరీక్ష. కడగని పేగులోకి చూడటం ఎవరికీ ఉల్లాసకరమైన పని కాదు. అయితే అన్ని విరేచనాలైన మనిషికి కడగడానికి లోపల మిగిలేది కూడా తక్కువే. ఇది నేను చెప్పేలోపే ఆమె చెప్పింది.

"ఉప్పు నీళ్ళు లేవా ఇయ్యాల?"

"లేవు కనకవ్వా. ఈసారి కొంచెం లోతుగా తీస్తారు. రక్తం కాస్త రావచ్చు."

"లోతు షిఫ్టంటే నాకు భయం లేదు గని, మా తమ్మునికి చెప్పకుర్రి. మల్ల ఒర్రుతడు." ఆ వెంటనే అడిగింది. "వాడు వస్తలేడేంది? మూడు పూటలయింది."

అద్దం అవతల నడవా మలుపులో అతను నిలబడే ఉన్నాడు. ఆమె మంచం మీంచి కనిపించని చోటు ఏరుకున్నాడు. నా కణాలు చాలవన్నట్టు నా ముఖం కూడా ఎందుకు చూపించాలి అని జయమణితో అన్నాడట.

నమోదు 8

ఉప్పు తగలని పేగు. గ్రంథుల అడుగున చిట్లిన కణాలు లేవని అనను. అక్కడొకటి, ఇక్కడొకటి. పంక్తి భోజనం మాత్రం ముగిసింది.

గ్రంథుల కిందికి దిగాను. లోతు పొరలో, ఒక సన్నని రక్తనాళం గోడలో, పక్కవాటికంటే మూడింతలు పెద్ద కణం ఒకటి కూర్చుని ఉంది. మధ్యలో ముదురు గుండ్రటి ముద్ద, దాని చుట్టూ తెల్లటి వలయం. గుడ్లగూబ కన్ను అంటాం దాన్ని. వైరస్ కాపురం చేస్తున్న కణం అలా ఉంటుంది. ప్రత్యేకమైన రంగు వేసి మళ్ళీ చూశాను. ఆ కణం గోధుమరంగులోకి తిరిగింది. పక్కన ఇంకో రెండు కూడా తిరిగాయి.

సైటోమెగలో వైరసే. స్టెరాయిడ్ పెంచినప్పుడల్లా దానికి విందు చేసిపెట్టాం. మూడో మెట్టు ఎక్కించి ఉంటే ఇల్లు రాసిచ్చి ఉండేవాళ్ళం.

ఫలితాన్ని మండలికి పంపించాను. నమ్మకం నూటికి ఎంత అని అడిగారు. కంటితో చూశానని జవాబిచ్చాను. ఆ గడిలో అంకెలు మాత్రమే పడతాయన్నారు. వంద అని వేశాను. యంత్రం సంతోషించింది.

వైరస్‌కు మందు గోదాములో ఉంది. ఇంతకాలం ఎవరికీ వాడే అవసరం రాలేదట. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. ఆ మందు కొత్త మూలుగను కొంత అణచివేస్తుంది కనుక రక్తాన్ని జాగ్రత్తగా గమనించాలి. ఈ సాయంత్రమే మొదలుపెట్టారు. స్టెరాయిడ్ తగ్గించడం కూడా మొదలైంది, మెల్లగా.

నమోదు 9

కనకవ్వ ఇవాళ గటక అడిగింది. జయమణి ఆ జావను పలుచగా కలిపి ఇచ్చింది. నిలిచింది. ఆమె ఉప్పు తక్కువైందని గొడవ చేసింది. ఈ ఆసుపత్రిలో ఉప్పు మాట ఎత్తితే ఇప్పుడు అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

ఓదెలును నేనే వెళ్ళి తీసుకొచ్చాను. అద్దం దాకా వచ్చి ఆగాడు.

"లోపటికి రారా," అంది కనకవ్వ. "నీ ముఖం జూస్తె పోయేదాన్నైతె చిన్నప్పుడే పోయేదాన్ని."

నవ్వు ఆపుకోవడానికి అతను చాలా ప్రయత్నించాడు. కుదరలేదు. మాస్కు సరిచేసుకుని లోపలికి వెళ్ళాడు. వాళ్ళు మాట్లాడుకున్నదానిలో మూడొంతులు తిట్లే. మిగిలిన వంతు లోతు షిఫ్టు గురించి. ఆమె పేరు వెనక్కి తీసుకోనంది. అతను మళ్ళీ అరిచాడు. ఈసారి మూలుగ మాట రాలేదు.

తిరిగి వెళ్తూ నా దగ్గర ఆగాడు.

"అయితె నా మూలుగ తప్పేం లేనట్టేనా డాక్టరమ్మా?"

లేదు అని ఒక్క మాట అంటే చాలు, అతను హాయిగా షిఫ్టుకు వెళ్ళేవాడు. కాంట అయితే అదే అనేది, అంకె కూడా జతచేసి.

"నీ మాట ఆమె ఎముకల్లోకి పోలేదు," అన్నాను. "అది మాత్రం ఖాయం. నీ మూలుగ పట్టబట్టే ఆమె ఇవాళ ఆ వైరస్‌ను తట్టుకుంటోంది. అదీ ఖాయం."

"మరి ఇల్లరికం?"

"కొంచెం ఉందేమో. తెలియదు, ఓదెలూ."

అతను మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు. "తెల్వదన్నోళ్ళను ఈడ ఇప్పటిదాక చూడలే," అని వెళ్ళిపోయాడు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో అతని ముఖం చూసి చెప్పలేకపోయాను.

తెలియనిది ఏమిటో స్పష్టంగా రాసి ముగిస్తాను. కడగని ముక్కలో అక్కడక్కడా చిట్లిన కణాలు కనిపించాయి. అవి వైరస్ చంపినవి కావచ్చు. మొదట్లో నిజంగానే కొద్దిపాటి ఇల్లరికం ఉండి, స్టెరాయిడ్‌తో అణిగిపోగా మిగిలిన ఆనవాళ్ళూ కావచ్చు. రెండూ ఒకే పేగులో కలిసి ఉండటం అరుదేమీ కాదు. సూక్ష్మదర్శిని కింద ఆ రెండింటికీ తేడా నాకు కనిపించలేదు. స్టెరాయిడ్ సగానికి వచ్చింది. మిగతా సగం తీసేసినప్పుడు కనకవ్వ పేగు ఊరుకుంటుందో, తిరగబడుతుందో నాకు తెలియదు.